కరెంటు లేని తీగ

పదో తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. ఓమ్ నియమం, ఫ్యూజు పనిచేసే తీరు, ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ల లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటి నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. మా ఇంట్లో, నా కళ్లముందు, నేను సరేనన్నాకే జరిగిన తప్పు అది. ఇన్నాళ్లకు దీన్ని రాయడానికి కారణం ఒక్కటే. అదే పని వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో ఇప్పటికీ ఎందరో చేస్తున్నారు. చేసేవాళ్లలో చాలామందికి అది తప్పని తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది.

మా పుట్టిల్లు గద్వాల. మా నాయిన మగ్గం నేసేవాడు. నా చిన్నతనంలో సాయంత్రం కరెంటు పోవడం రోజూ ఉండేదే. పొద్దు గూకకముందే అమ్మ కందీలు చిమ్నీని బూడిదతో తుడిచి, గ్యాసు నూనె పోసి, వత్తి కొస కత్తిరించి గూట్లో పెట్టేది. అగ్గిపెట్టె కూడా ఆ గూట్లోనే ఉండాలి, ఇంకెక్కడా ఉండకూడదు. గోలెం నిండా నీళ్లు ఉండాలి. చీకట్లో కట్టెల కుప్పలో చెయ్యి పెట్టకూడదు కాబట్టి పొద్దున పొయ్యికి కావలసిన కట్టెలు వెలుతురు ఉండగానే లోపలికి వచ్చేవి. కరెంటు పోయాక నాయిన దీపాన్ని మగ్గం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పడుగు మీద ఒక్క నిప్పురవ్వ పడితే నెలల కష్టం బూడిదవుతుంది. చూపు ఆనని వెలుతురులో జరీ అంచు వేస్తే పోగు తప్పుతుంది. అందుకని చీకటి పడ్డాక కరెంటు పోతే నేత ఆగిపోయేది. ఆ పూట కూలి పోయినా ఆపేసేవాడు.

ఆ క్రమశిక్షణను మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. రోజూ కరెంటు పోతుంటే ఇల్లంతా దానికి అలవాటు పడింది, అంతే. తర్వాత ఉద్యోగం, పెళ్లి, వనపర్తిలో సొంత ఇల్లు. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో కోతలు ఎంత ఘోరంగా ఉండేవో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పరీక్షల ముందు పిల్లలు కొవ్వొత్తుల దగ్గర చదివేవారు. రైతులు రాత్రి పూట వచ్చే త్రీ ఫేజు కరెంటు కోసం పొలాల్లో కాపలా ఉండేవారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక పరిస్థితి మారింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. ఇళ్లలో గంటల తరబడి కోతలు లేవు. ఆ మేలును తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి పాము కాటుకో షాకుకో మనిషి పోతాడేమోనన్న భయం ఎన్నో ఇళ్లలో తగ్గింది.

అయితే కరెంటు పోదన్న నమ్మకం కుదిరాక మేం కందీలును పాత ఇనుముకు వేశాం. గోలెం తీసేసి ట్యాంకు కట్టాం. వాకిట్లో చేదబావి పూడ్చేశాం. నీళ్లకు బోరు మోటరు కావాలి, మిషన్ భగీరథ నీళ్లు మా ట్యాంకు దాకా రావాలన్నా ఎక్కడో పంపులు తిరగాలి. అత్తమ్మ ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాలి. డబ్బులు కూడా ఫోనులోనే. ఇంట్లో ప్రతి పనీ ఒక్క తీగ మీద వేలాడుతుందని, ఆ తీగ తెగితే ఏం చేయాలో ఎవరికీ తెలియదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంటి పెద్దగా, పైగా సైన్సు టీచరుగా ఆలోచించాల్సింది నేనే.

కృష్ణమ్మ ఒడ్డున కరెంటు పుట్టే నేల మనది. గద్వాల దగ్గర జూరాలలో 234 మెగావాట్లు, ఆత్మకూరు వైపు దిగువ జూరాలలో 240 మెగావాట్లు, నల్లమల అంచున దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900 మెగావాట్లు. మూడూ నడిస్తే ఎంత కరెంటో. అయినా వైశాఖంలో ఒక గాలిదుమారం లేచి మన వీధి చివర చింతకొమ్మ విరిగి తీగ మీద పడితే, ఆ మెగావాట్లేవీ మన గుమ్మం దాటి లోపలికి రావు. 2024 మే 26న వీచిన గాలివాన నాగర్‌కర్నూల్ జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో ఈ ప్రాంతం మరచిపోలేదు. తాడూరు మండలం ఇంద్రకల్ దగ్గర కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. అలాంటి గాలిని ఏ ప్రభుత్వమూ ఆపలేదు. అది వచ్చిపోయాక మనం ఏం చేస్తామన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

మా ఇంటి సంగతి అంతకు ముందు వచ్చిన ఒక వేసవి గాలివానది. సాయంత్రం దుమారం లేచింది, వడగండ్లు పడ్డాయి, వీధిలో రెండు స్తంభాలు వాలిపోయాయి. రాత్రంతా కరెంటు లేదు. మర్నాడూ రాలేదు. అత్తమ్మకు షుగరు, ఆయాసం. ఉక్కపోతకు ఆమె పడే బాధ చూడలేక టెంట్ హౌజ్ నుంచి చిన్న పెట్రోల్ జనరేటరు కిరాయికి తెప్పించాం. ఇంజనీరింగు చదివే మా చిన్నోడు ఒక వైరు తయారుచేశాడు. రెండు కొసలకూ ప్లగ్గులే. ఒక కొస జనరేటరులో, ఇంకో కొస హాల్లో గోడకున్న సాకెట్టులో. స్విచ్ వేయగానే ఇంట్లో అన్ని గదులకూ కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మొదలైంది. మా వాడి తెలివికి నేను సంతోషించాను. మెయిన్ ఆఫ్ చేశావా అని అడగలేదు.

రెండో పొద్దున లైన్‌మన్ వచ్చి మా ఇంటి ముందు స్తంభం ఎక్కాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకాడు, సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకున్నాడు. తెగిన లైను మా స్తంభానికి అవతల ఉంది. ఇక మా వైపు మిగిలిన ముక్కలో కరెంటు ఉండే అవకాశమే లేదు, అతను నేర్చుకున్న చదువు ప్రకారం. అయినా తీగను ముట్టుకునే ముందు అలవాటుగా టెస్టరు పెట్టి చూశాడు. టెస్టరు వెలిగింది.

స్తంభం మీద నుంచే కేకేశాడు. "జనరేటరు ఎవరింట్ల నడుస్తున్నది?"

నేను వాకిట్లోకి వచ్చాను. అతను దిగి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. చేతులు వణుకుతున్నాయి. "టీచరమ్మా, లైను బందు పెట్టించి వచ్చిన. ఫ్యూజులు పీకిన. ఇంక కరెంటు యాడికెళ్లి వస్తదనుకుంటం? టెస్టరు పెట్టకుంటే ఈపాటికి కింద పడి ఉంటుంటి" అన్నాడు. అతని బిడ్డ నా దగ్గరే చదివింది.

మేం ఇంట్లోకి పోసిన కరెంటు ఇంట్లోనే ఆగలేదు. మెయిన్ ఆఫ్ చేయలేదు కాబట్టి మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభం దాకా పోయింది. అవతల లైను తెగి ఉండడంతో వీధిలో మిగతా ఇళ్ల బరువు మా జనరేటరు మీద పడలేదు. పడి ఉంటే అది వెంటనే ఆగిపోయేది, మాకూ అనుమానం వచ్చేది. ఆ తెగిన ముక్కలో 230 వోల్టులు చడీచప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి ఉన్న లైనైతే ఇంకా ఘోరం. 11 కిలోవోల్టులను మన ఇళ్లకు సరిపోయేటట్టు దించే పెట్టెకు అటు, ఇటు అన్న తేడా లేదు. ఇటు నుంచి 230 పోస్తే అటు వేల వోల్టులు తేలుతాయి. ఎక్కడో ఊరవతల హైటెన్షన్ లైను మీద పనిచేసే మనిషికి మన ఇంటి జనరేటరు యమపాశం అవుతుంది. ఈ లెక్కను బోర్డు మీద సుద్దముక్కతో ఎన్నిసార్లు వేశానో. మా హాల్లో ఆ వైరును సాకెట్టులో గుచ్చుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ వైరులో ఇంకో ప్రమాదం ఉంది. ఒక కొస ఊడి వస్తే, బయటికి కనపడే పిన్నుల్లో కరెంటు ఉంటుంది. మామూలు ప్లగ్గు పిన్నును పిల్లలు పట్టుకున్నా ఏమీ కాదు, ఎందుకంటే అది గోడ నుంచి ఊడగానే కరెంటు ఆగిపోతుంది. దీనికి అలా కాదు. గుచ్చాల్సిన కొసే కరెంటు ఇచ్చే కొస. పసిపిల్లలున్న ఇంట్లో అది కాలి కింద పడి ఉంటే చాలు.

ఆ పొద్దున లైన్‌మన్ ఇంకో మాట కూడా అన్నాడు. జనరేటరు ఎక్కడుందని చూసి, "గిది ఇంట్ల పెడ్తరా అమ్మా?" అన్నాడు. వానకు తడవకుండా వరండాలో పెట్టాం, సరిగ్గా అత్తమ్మ గది కిటికీ కింద. రాత్రి నుంచి ఆమె తల బరువుగా ఉందని, వాంతి వచ్చేటట్టుందని అంటూనే ఉంది. బీపీ అనుకున్నాం, ఉక్క అనుకున్నాం. జనరేటరు ఆపి, ఆమెను వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద పడుకోబెట్టాక నెమ్మదిగా తేరుకుంది. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి దగ్గకుండానే, ఊపిరి ఆడుతూ ఉండగానే, లోపల ప్రాణవాయువు అందక మగతలోకి జారిపోతాడు. ఇది కూడా నేను చెప్పిన పాఠమే.

ఈ తప్పు మన ఊళ్లకే పరిమితం కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు, ఇంట్లో వెచ్చదనం కోసం జనరేటర్లు, బొగ్గు పొయ్యిలు, కార్లు నడిపి పది మందికి పైగా ఇదే వాయువుతో చనిపోయారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు దాదాపు మొత్తం చీకటైపోయిన రోజు, స్పెయిన్‌లోని గలీసియాలో ఒక ఇంట్లో తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ పోయారు. ఊపిరి యంత్రం ఆగకూడదని ఇంట్లోనే జనరేటరు పెట్టుకున్నారు. పెద్దామె ఊపిరి కోసం పెట్టిన యంత్రం పొగే ఊపిరి తీసింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా అత్తమ్మ కిటికీ గుర్తొచ్చింది.

పొగ సంగతి మన ప్రాంతానికి ఇంకా దగ్గరగా తెలుసు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో బ్యాటరీల పనికి వచ్చిన ఇద్దరు ఉన్నారు. కేంద్రాన్ని కాపాడడానికి చివరిదాకా లోపల ఉన్న ఉద్యోగులు పొగలో చిక్కుకున్నారు. మన బల్బు వెలగడం వెనుక అలాంటి మనుషులు ఉన్నారని చెప్పడానికే ఇది రాస్తున్నాను. స్తంభం ఎక్కే మనిషి కూడా వాళ్లలో ఒకడు.

ఆ రెండు రోజుల్లోనే అత్తమ్మ విషయంలో ఇంకో తప్పు చేశాను. జనరేటరు తెచ్చేలోపు ఫ్రిజ్‌లో చల్లదనం పోతుందని, ఇన్సులిన్ సీసాను మా వీధి కిరాణా షాపులో ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టించాను. కరెంటు లేకపోయినా అది చాలాసేపు గడ్డలాగే ఉంటుంది కదా, మందు భద్రంగా ఉంటుందనుకున్నాను. తీసుకొచ్చి కరిగించి ఇచ్చాం. షుగరు దిగలేదు, పెరుగుతూ పోయింది. ఇన్సులిన్ ఎక్కువ వేడికి పాడవుతుంది, అంతకన్నా వేగంగా గడ్డకడితే పాడవుతుంది. ఒకసారి గడ్డకట్టిన సీసాను మళ్లీ కరిగించినా పనికిరాదు, పారేయాలి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా నీడలో, చల్లని చోట దాదాపు నాలుగు వారాలు ఉంటుంది. కానీ మన ఎండాకాలం గది వేడిని చల్లని చోటు అనడానికి లేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక మట్టికుండ విడిగా ఉంది. అడుగున తడి ఇసుక, దాని మీద చిన్న కుండ, అందులో మూతపెట్టిన డబ్బాలో ఇన్సులిన్. ఇసుక తడి ఆరకుండా చూసుకుంటే లోపల బయటికన్నా ఎంతో చల్లగా ఉంటుంది. ఊళ్లలో ఫ్రిజ్ లేని షుగరు రోగులు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే ఇది. మా బడి ఆయమ్మ చెప్పేదాకా నాకు తోచలేదు.

తీగలో కరెంటు లేదనుకోవడం ఎంత ప్రమాదమో నాకు అంతకుముందే తెలియాల్సింది. నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊరి బడిలో పనిచేస్తున్నప్పుడు నా తరగతిలో ఒక పిల్లవాడి తండ్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చనిపోయాడు. రాత్రి ఫ్యూజు పోయింది, పంట ఎండుతుంది, లైన్‌మన్ ఎప్పుడొస్తాడో తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి తనే ఫ్యూజు వేయబోయాడు. ఆ స్విచ్‌కు మూడు బ్లేడ్లుంటాయి. తుప్పు పట్టి ఒకటి విడిపోకుండా అంటుకునే ఉంది. కింద నుంచి చీకట్లో చూస్తే మూడూ తెరుచుకున్నట్టే కనపడుతుంది. ఆ రోజుల్లో పాలమూరు రైతులు ఎందరో ఇలాగే పోయారు. పిల్లవాడు కొన్నాళ్ల తర్వాత బడికి వచ్చాడు. ఫ్యూజు ఎందుకు వాడతారో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మీ ఇంట్లోవాళ్లను పోనివ్వకండి, ఎంత ఆలస్యమైనా లైన్‌మన్‌నే రానివ్వండి అని తరగతిలో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఆ వాక్యం పుస్తకంలో లేదు. నా నోట ఉండాల్సింది.

కరెంటు తిరిగి వచ్చే క్షణం గురించి కూడా ఇళ్లలో ఎవరూ ఆలోచించరు. కరెంటు పోయినప్పుడు వేసి ఉన్న స్విచ్చులన్నీ వేసినట్టే వదిలేసి అందరం బయట కూర్చుంటాం. గాలివాన తర్వాత లైను కలిపేటప్పుడు ఒక్కోసారి న్యూట్రల్ తెగి ఉంటుంది. మామూలుగా ప్రతి ఇంటికీ ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు అందుతాయి. న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకోవాల్సి వస్తుంది. తక్కువ సామాన్లు నడుస్తున్న ఇంటికి ఎక్కువ వోల్టులు వస్తాయి. గద్వాలలో మా అన్న ఇంట్లో ఒకసారి ఇలాగే బల్బులు కళ్లు చెదిరేటట్టు వెలిగి, టీవీ, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు ఒకేసారి మాడిపోయాయి. అప్పటినుంచి మేం కరెంటు పోగానే ఒక్క బల్బు తప్ప అన్నీ ఆపేస్తాం. అది మామూలుగా వెలిగి, కాసేపు నిలకడగా ఉన్నాకే మిగతావి వేస్తాం. ఉరుముతున్నప్పుడు స్విచ్ ఆపితే చాలదు, టీవీ ప్లగ్గు పీకేయాలి, డిష్ వైరు కూడా.

అలంపురం, రాజోలి వైపు ఉన్న మా బంధువుల దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నాను. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్ర ఒకేసారి పొంగి ఆ ఊళ్లను ముంచాయి. నీళ్లు గుమ్మం దాకా వస్తున్నప్పుడే మెయిన్ దించాలి. పాదాలు తడిశాక మీటరు బోర్డు దగ్గరికి పోకూడదు. నీళ్లు దిగాక కూడా గోడలు, స్విచ్ బోర్డులు పైకి ఎండినట్టు కనపడతాయి, లోపల తడి ఉంటుంది. కరెంటు పనివాడు వచ్చి చూసేదాకా ఓపిక పట్టాలి.

దండెం సంగతి చెప్పకుండా ఉండలేను. మన ప్రాంతంలో బట్టలారేసే తీగ ఎన్ని ప్రాణాలు తీసిందో. సర్వీసు వైరు వచ్చే ఇనుప పైపుకే దండెం కడతాం. గాలికి వైరు పైపుకు ఒరుసుకుని తొడుగు అరిగిపోతుంది. వాన పడ్డాక తడి బట్ట వేస్తే ఒకరు అంటుకుంటారు, విడిపించబోయి ఇంకొకరు. 2022 జూలైలో కామారెడ్డిలో ఒకే కుటుంబంలో నలుగురు ఇలాగే పోయారు, అందులో ఇద్దరు పిల్లలు. లైన్‌మన్ వచ్చిపోయిన ఆ రోజు మా డాబా మీదికి పోయి చూస్తే మా దండెం కూడా ఆ పైపుకే కట్టి ఉంది. విప్పి నైలాను తాడు కట్టాం. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపాలి, అది కుదరకపోతే పొడి కర్రతో తీగను తప్పించాలి, మనిషిని చేత్తో పట్టుకోకూడదు. ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఇది వచ్చి ఉండాలి.

ఆ తర్వాత మా ఇంట్లో చేసిన ఏర్పాట్లలో ఖర్చైనవి రెండే. మీటరు పక్కన చేంజోవర్ స్విచ్ పెట్టించాం. పిడి పైకి తిప్పితే లైను కరెంటు, కిందికి తిప్పితే జనరేటరు, రెండూ కలిసే వీలే లేదు. ఇంటి కరెంటు పనివాడు ఒక్క పూటలో బిగించాడు. దాంతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. మనిషి ఒంటి గుండా కరెంటు భూమిలోకి పోతుంటే అది గుర్తుపట్టి రెప్పపాటులో ఆపేస్తుంది. మామూలు ఫ్యూజు, ఎంసీబీ ఆ పని చేయలేవు. అవి వైర్లను, సామాన్లను కాపాడతాయి, మనిషిని కాదు. ఎర్తింగు గుంటలో ఎండాకాలం వారానికోసారి బిందెడు నీళ్లు పోస్తాం. ఇన్వర్టరు బ్యాటరీని గాలి ఆడే చోటికి మార్చాం. ఛార్జి అయ్యేటప్పుడు దాంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని పక్కన దీపం, అగరుబత్తి పెట్టనివ్వం. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు.

మిగతావన్నీ అమ్మ చేసిన పనులే, సామాను మాత్రం మారింది. ఛార్జింగు లైటుకు గోడ మీద ఒకటే చోటు. పవర్ బ్యాంకు ఎప్పుడూ నింపి ఉంటుంది. ఆకాశం మబ్బు పట్టి గాలి మారితే ముందు ట్యాంకు నింపుతాం, తాగే నీళ్లు రెండు బిందెలు పట్టి పెడతాం. ఇంట్లో కాస్త నోట్లు ఉంచుతాం. కొవ్వొత్తి తప్పదంటే నీళ్లు పోసిన పళ్లెంలో, పరదాలకు దూరంగా పెడతాం, వెలిగించినవాళ్లే పడుకునే ముందు ఆర్పాలి. మీటరు పక్కన పెద్ద అక్షరాలతో సబ్‌స్టేషను నంబరు, 1912, 108 రాసి పెట్టాం. మా వీధిలో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దాయన ఒకరున్నారు. కరెంటు పోతే ముందు ఆ ఇంటికి ఫోను చేస్తాం, తర్వాతే మా ఫ్యాను సంగతి. అలాంటి ఇల్లు మీ వీధిలో కూడా ఉండే ఉంటుంది. సిలిండరు తోడు ఉందా, ఆసుపత్రికి పోవాలంటే బండి ఉందా అని మామూలు రోజునే అడిగి పెట్టుకోవాలి.

లైన్‌మన్‌కు ఫోను మీద ఫోను చేయడం కూడా మానుకున్నాను. ఒక్కసారి 1912కు చెప్పి నమోదు చేస్తే చాలు. స్తంభం మీద ఉన్న మనిషి జేబులో ఫోను మోగుతూ ఉంటే అతని ధ్యాస చెదురుతుంది. కింద పడిన తీగ కనపడితే మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఎవరూ దగ్గరికి పోకుండా, పశువులు పోకుండా దూరంగా నిలబడి కాపలా కాయాలి. దాంట్లో కరెంటు లేదని ఎవరన్నా నమ్మకండి, వీధంతా చీకటిగా ఉన్నా నమ్మకండి. ఎవరింట్లో ఏ జనరేటరు నడుస్తుందో మనకు తెలియదు.

ఆ లైన్‌మన్ ఇప్పటికీ మా వీధికి వస్తాడు. స్తంభం ఎక్కే ముందు మా ఇంటి వైపు చూసి, "టీచరమ్మా, బందేనా?" అని అడుగుతాడు. నేను లోపలికి పోయి చేంజోవర్ పిడిని చూసి వచ్చి చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

చదువుతున్నవారిని ఒకటి అడుగుతున్నాను. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరును ఇంటి సాకెట్టుకు కలపకండి. రెండు కొసలా ప్లగ్గులున్న వైరు మీ ఇంట్లో ఉంటే, కరెంటు ఉన్న ఈ రోజే దాన్ని మధ్యకు కోసేయండి.